ఫెమ్టోసెకండ్ లేజర్‌తో సూక్ష్మదర్శిని పని: మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కనుక, అతి స్వల్పకాలపు కాంతి తునకలను (పల్స్‌లను) వెలువరించే ఫెమ్టోసెకండ్ లేజర్‌ను ఆన్ చేయడానికి ముందే గదిలోని ఏసీని, లేజర్‌ను చల్లబరిచే చిల్లర్‌లోని నీటి మట్టాన్ని సరిచూసుకోవాలి. ఉష్ణోగ్రత నిలకడగా లేకపోతే అద్దాల అమరిక కదిలి, ఆ పల్స్‌లను పుట్టించే మోడ్ లాకింగ్ తప్పిపోవచ్చు. అద్దాలపై దుమ్ము ఉంటే కిరణానికి అది కాలి పూత పాడవుతుంది. కరెంటు పోయినా లేజర్ ఆగకుండా చూసే యూపీఎస్ ఉండాలని వేరే చెప్పనక్కరలేదు.

అన్నిటికన్నా ముఖ్యం కళ్ల రక్షణ. ఈ పనికి వాడే టైటానియం సఫైర్ లేజర్ ఇచ్చే 800 నానోమీటర్ల కాంతి కంటికి మసక ఎరుపుగా మాత్రమే తోస్తుంది గనుక బలహీనమైనదని భ్రమపడతాం. నిజానికి అత్యంత ప్రమాదకరమైన నాలుగవ తరగతికి చెందిన ఈ లేజర్ నుంచి చెదిరి వచ్చిన కాంతి కూడా రెటీనాను కాల్చగలదు. స్ఫటికంతో 400 నానోమీటర్ల రెండవ హార్మోనిక్‌ను (సగం తరంగదైర్ఘ్యం గల కాంతిని) పుట్టించే ప్రయోగమైతే, రక్షణ కళ్లద్దాలు ఆ రెండు తరంగదైర్ఘ్యాలనూ ఆపేవై ఉండాలి. కిరణం తగిలి కంటివైపు ప్రతిఫలించవచ్చు కనుక ఉంగరాలు, గాజులు, చేతి గడియారం తీసివేయాలి.

ఈ సూక్ష్మదర్శిని పనిచేసేది ఒకేసారి రెండు ఫోటాన్లు (కాంతి కణాలు) పాల్గొనే ప్రక్రియతో; అందులో లేజర్ శక్తి రెట్టింపైతే సంకేతం నాలుగు రెట్లవుతుంది, నమూనాకు జరిగే హాని కూడా అంతకు తగ్గదు. కాబట్టి శక్తిని ఆబ్జెక్టివ్ (నమూనాకు దగ్గరగా ఉండే కటకం) తరువాత కొలిచి, కొద్ది మిల్లీవాట్లతో మొదలుపెట్టాలి. సంకేతం తక్కువగా ఉందని వెంటనే శక్తిని పెంచడం తొందరపాటే అవుతుంది, ఎందుకంటే ఆబ్జెక్టివ్‌లోని గాజు పల్స్‌ను సాగదీసి సంకేతాన్ని తగ్గించి ఉండవచ్చు. ముందు పల్స్‌ను తిరిగి కుదించే ప్రిజమ్‌ల అమరికను సవరించి చూడాలి. గది దీపాలు ఆర్పిన తరువాతే అతి తక్కువ కాంతిని కూడా పసిగట్టే ఫోటోమల్టిప్లయర్‌కు అధిక వోల్టేజీ ఇవ్వాలి.