సర్వర్‌లో పెట్టిన డెస్క్‌టాప్ అప్లికేషన్ ఆగిపోతోందా? ముందు సెషన్ చూడండి

టాలీ కానీ, స్క్రీన్ మీద క్లిక్కులు కొట్టే బాట్ కానీ విండోస్ సర్వర్‌లో రాత్రంతా నడవాలని వదిలేస్తాం. పొద్దున చూస్తే ఆగిపోయి ఉంటుంది. చాలాసార్లు తప్పు అప్లికేషన్‌ది కాదు, అది నడిచే యూజర్ సెషన్‌ది, అంటే ఆ యూజర్ లాగిన్ అయినప్పటి నుంచి లాగాఫ్ అయ్యేదాకా ఉండే పని వాతావరణానిది. కమాండ్ ప్రాంప్ట్‌లో 'క్వెరీ సెషన్' కొట్టండి. లిస్టులో ఆ యూజర్ పేరే లేకపోతే లాగాఫ్ అయిపోయినట్టు. 'డిస్క్' (డిస్‌కనెక్టెడ్) అని ఉంటే సెషన్ బతికే ఉంది, స్క్రీన్ మాత్రం లేదు.

ఆర్‌డీపీ (రిమోట్ డెస్క్‌టాప్) మూసిన కాసేపటికి అప్లికేషన్ మాయం

సైన్ అవుట్ కొట్టి ఉంటారు, లేదా డిస్‌కనెక్ట్ అయిన సెషన్‌ను కొంతసేపటికి ముగించే పాలసీ ఉంటుంది. విండోస్ నిబంధనలు ఉండే గ్రూప్ పాలసీలో రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ హోస్ట్ కింద 'సెషన్ టైమ్ లిమిట్స్' తెరిచి, డిస్‌కనెక్టెడ్ సెషన్ల గడువును 'నెవర్' చేయండి. విండోను ఇంటూ గుర్తుతోనే మూయండి. టాలీకి ఇది చాలు. 9000 పోర్టులో వచ్చే రిక్వెస్టులకు జవాబివ్వడానికి స్క్రీన్ అక్కర్లేదు.

ప్రాసెస్ ఉంది, క్లిక్కులు పడట్లేదు

బాట్‌లకు వచ్చే అసలు తలనొప్పి ఇదే. డిస్‌కనెక్ట్ అవగానే డెస్క్‌టాప్ గీయడం ఆగిపోతుంది, మౌస్, కీబోర్డ్ ఇన్‌పుట్ ఎక్కడికీ చేరదు. ఆర్‌డీపీ మూసే బదులు సెషన్‌ను వేరే చోటికి మార్చే టిఎస్‌కాన్ కమాండ్‌ను అడ్మిన్ హక్కులతో తెరిచి, దానికి మీ సెషన్ నంబరు ఇచ్చి, డెస్టినేషన్‌గా కన్సోల్ (సర్వర్ సొంత స్క్రీన్) పెట్టండి. మీ కనెక్షన్ తెగుతుంది, సెషన్ మాత్రం కన్సోల్ మీద యాక్టివ్‌గా ఉంటుంది. అది లాక్ కాకుండా తెరిచే ఉంటుందని మరవొద్దు: వర్చువల్ మెషీన్ కన్సోల్ చూడగల ఎవరైనా వాడేయగలరు. అందుకే బాట్ నడిచే యూజర్‌కు అడ్మిన్ హక్కులు ఇవ్వకండి, టిఎస్‌కాన్‌ను వేరే అడ్మిన్ ఖాతాతో నడపండి. రెజల్యూషన్ కూడా మారిపోవచ్చు. స్క్రీన్ కొలతల మీద ఆధారపడే బాట్ తప్పుచోట నొక్కుతుంది. కన్సోల్ రెజల్యూషన్‌లోనే స్క్రిప్టు తయారుచేసుకోండి.

సరిగ్గా మూడు రోజులకు ఆగుతోంది

అప్లికేషన్‌ను టాస్క్ షెడ్యూలర్‌తో (ప్రోగ్రాములను వాటంతటవే మొదలుపెట్టే విండోస్ టూల్) నడుపుతుంటే, ఆ టాస్క్ సెట్టింగ్స్‌లో, 3 రోజులు దాటితే టాస్క్ ఆపేయమనే టిక్ ముందే పెట్టి ఉంటుంది. తీసేయండి.

టాస్క్ 'రన్నింగ్' అంటోంది, విండో ఎక్కడా లేదు

'యూజర్ లాగిన్ అయినా కాకపోయినా నడుపు' అన్నది ఎంచుకున్నారు. అలాగైతే అది ఎవరికీ కనబడని సెషన్‌లో నడుస్తుంది. లాగిన్ అయి ఉన్నప్పుడే నడిచేలా మార్చండి. అప్లికేషన్‌ను సర్వీసుగా (తెర వెనక నడిచే ప్రోగ్రాముగా) మార్చినా ఇదే గతి: విస్టా, సర్వర్ 2008 నుంచి సర్వీసులన్నీ సెషన్ 0లోనే, యూజర్ డెస్క్‌టాప్‌కు దూరంగా ఉంటాయి.

క్రాష్ అయ్యాక మళ్లీ లేవట్లేదు

టాస్క్‌ను 5 నిమిషాలకోసారి రిపీట్ చేసి, 'కొత్త ఇన్‌స్టాన్స్ మొదలెట్టొద్దు' అని పెట్టండి. ఎర్రర్ డైలాగ్ తెర మీద నిలిచిపోతే ప్రాసెస్ ఇంకా ఉన్నట్టే లెక్క, కొత్తది లేవదు. ఆ డైలాగ్ రాకుండా, విండోస్ సెట్టింగ్స్ దాచే రిజిస్ట్రీలో హెచ్‌కీ లోకల్ మెషీన్ కింద విండోస్ ఎర్రర్ రిపోర్టింగ్ కీ తెరిచి, 'డోంట్‌షోయూఐ' అనే డీవర్డ్ (సంఖ్య) విలువను 1 చేయండి.

రీస్టార్ట్ తర్వాత ఏదీ నడవదు

లాగిన్ అయ్యేవాళ్లు లేరు కదా. దానంతటదే లాగిన్ చేసే మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ టూల్ ఆటోలాగాన్ వాడండి. రిజిస్ట్రీలో చేత్తో రాసే పాస్‌వర్డ్ ఎవరైనా చదవగలిగేలా ఉంటుంది, ఆటోలాగాన్ మాత్రం దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి దాస్తుంది. టాస్క్ ట్రిగ్గర్‌ను 'ఎట్ లాగాన్' చేసి, ఒక నిమిషం ఆలస్యం ఇవ్వండి. తర్వాత అదే యూజర్‌తో ఆర్‌డీపీలోకి వెళ్తే కన్సోల్ సెషన్ మీ దగ్గరికి వచ్చేస్తుంది కాబట్టి, బయటికొచ్చేటప్పుడు మళ్లీ టిఎస్‌కాన్ కొట్టాలి.