250 కళాఖండాలను గుర్తుండేలా చదవడం

ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అమెరికా హైస్కూల్ విద్యార్థులకు కాలేజీ స్థాయి కోర్సు) ఆర్ట్ హిస్టరీ సిలబస్‌లో 250 కళాఖండాలు, 10 విభాగాలు ఉంటాయి. రోజుకు రెండు చదివితే నాలుగు నెలలకు ఒక విడత పూర్తవుతుంది.

ఒక్కోదానికి ఒక కార్డు రాయండి. ముందువైపు బొమ్మ మాత్రమే. వెనుక పేరు, కళాకారుడు లేదా సంస్కృతి, కాలం, పదార్థం, కొలత. ఫొటోలో పరిమాణం తెలియదు కాబట్టి కొలత తప్పనిసరి. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ గీసిన మహాతరంగం నిజానికి సుమారు 38 సెం.మీ. వెడల్పున్న ముద్రణ. కింద అసలు విషయం: ఎవరు చేయించారు, ఎందుకు, జనం దాన్ని ఎలా వాడారు. చాలామంది తేదీల దగ్గరే ఆగిపోతారు, వ్యాసాల్లో మార్కులు పోయేది అందుకే.

రెండు కళాఖండాలను పోల్చేటప్పుడు రూపం నుంచి అర్థానికి వెళ్లండి. సాంచీ స్తూపం, జెరూసలేంలో పవిత్ర శిలపై కట్టిన ఇస్లామిక్ కట్టడం డోమ్ ఆఫ్ ది రాక్ రెండూ పవిత్ర కేంద్రం చుట్టూ కట్టినవే. స్తూపం లోపలికి దారి లేదు, ప్రదక్షిణ బయటే. డోమ్‌లో శిల చుట్టూ నడవా లోపలే ఉంది. "రెండింటికీ గుండ్రటి కప్పు ఉంది" అనేది వర్ణన మాత్రమే. ఆ నిర్మాణం భక్తుడి నడకను ఎలా మలిచిందో చెబితేనే విశ్లేషణ.

కార్డులను వారానికోసారి విభాగాలన్నీ కలిపి తిప్పండి. వరసలోనే చదివితే పక్క కార్డు జవాబు అందించేస్తుంది.