పాత కట్టడాన్ని చదవడం – 4వ పాఠం: ముందు రంగు తీసేయండి

పోయిన పాఠం చివర సింగపూర్ హిల్ స్ట్రీట్‌లోని ఒక కట్టడం ఫొటో ఇచ్చి, ఇది ఏ కాలానిది, ఎందుకు కట్టారు అని అడిగాను. ఎక్కువమంది హోటల్ అన్నారు. కొందరు పిల్లల ఆసుపత్రి అన్నారు. హాస్టల్ అన్నవాళ్లూ ఉన్నారు. అది 1934లో పూర్తయిన పోలీస్ స్టేషన్. హాస్టల్ అన్నవాళ్లకి మాత్రం సగం మార్కులు వేస్తున్నాను, ఎందుకో కిందికి వచ్చాక చెప్తాను. ఈసారి మెట్ల గురించి చెప్పాల్సింది. ఈ జవాబులు చూశాక దాన్ని వచ్చే పాఠానికి జరపక తప్పలేదు.

అందరినీ ముంచింది రంగే. ఆ కట్టడానికి 927 కిటికీలు, వాటి షట్టర్లన్నిటికీ ఇంద్రధనుస్సు రంగులు. పోలీసులు 1980లోనే అక్కడినుంచి వెళ్లిపోయారు. 1998లో దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించి, ఆ తర్వాత బాగుచేసి ప్రభుత్వ ఆఫీసులకి ఇచ్చారు. ఈ రంగులు అప్పుడు వచ్చినవి. పెయింట్ ఎప్పుడైనా మారుతుంది, సున్నం మారుతుంది, బోర్డు మారుతుంది. ఏ కట్టడం వయసైనా వీటినిబట్టి చెప్పకండి. మన ఊళ్లో పాత తాలూకా ఆఫీసుకి ఎన్నికల ముందు వేసే రంగు చూసి దాని వయసు చెప్పగలరా?

నేను చేసేది ఒకటే: ఫోన్‌లో ఫొటోని బ్లాక్ అండ్ వైట్ చేసేస్తాను. ఇప్పుడే చేసి చూడండి. ఐదు, ఆరు అంతస్తుల్లో గోడ దాటి బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీలు, వాటి కింద దన్నుగా బ్రాకెట్లు కనిపిస్తాయి. ఇప్పుడు మళ్లీ రంగులోకి వెళ్లండి. సరిగ్గా ఆ రెండంతస్తుల్లోనే రంగు ముదురుతుంది, ఆ బాల్కనీలు ఎత్తి కనిపించాలని. రంగు వేసినవాళ్లు కట్టడాన్ని చదివే వేశారు. మనవాళ్లు చదవకుండా రంగు చూశారు.

ఆరంతస్తులంటే మన లెక్కలో జీ ప్లస్ ఫైవ్. ఏడు అని రాసినవాళ్లు మళ్లీ లెక్కపెట్టుకోండి.

ఇక హాస్టల్ సంగతి. ఇది స్టేషన్ ఒక్కటే కాదు, పోలీసులు కాపురమున్న క్వార్టర్స్ కూడా. అన్నేసి కిటికీలు, అన్నేసి వరండాలు అందుకే. నాలుగు గోడల లాకప్‌కి గాలి అక్కర్లేదనుకున్నా, కాపురానికి కావాలి కదా. మధ్యలో మండువా ఇంటిలాగా ఖాళీ వదిలారు. పోలీసుల పరేడ్, శిక్షణ అక్కడే. ఇప్పుడు దానిమీద గాజు కప్పు ఉంది. ఫొటోలో అది కనిపిస్తే మనసులో తీసేసి చూడండి.

‘స్తంభాలున్నాయి, ఆర్చీలున్నాయి, కాబట్టి 1850’ అని రాసినవాళ్లకి ఒక మాట. అప్పట్లో సింగపూర్ పబ్లిక్ వర్క్స్ ప్రధాన ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ డారింగ్టన్ వార్డ్. ఈ స్టేషన్ ఆయనదే. 1937 నాటి కలాంగ్ విమానాశ్రయం కూడా ఆయనదే, అందులో గుండ్రటి గాజు కంట్రోల్ టవర్ ఉంటుంది. 1939లో అదే మనిషి సింగపూర్ సుప్రీంకోర్టుకి స్తంభాలు, గుమ్మటం పెట్టాడు. స్తంభాలనిబట్టి వయసు కడితే, విమానాశ్రయం కన్నా కోర్టు యాభై ఏళ్లు పాతది అంటారు. అసలు కోర్టే తర్వాత కట్టింది. ఆఫీసు హోదా చూపించడానికి స్తంభాలు పెడతారు, తేదీ చెప్పడానికి కాదు. తేదీ కోసం నేనైతే ముందు ఎత్తు చూస్తాను. ఆరంతస్తుల ఈ స్టేషన్ పూర్తయిన రోజుల్లో సింగపూర్‌లో అతిపెద్ద ప్రభుత్వ కట్టడం ఇదే.

అభ్యాసం: మీ ఊళ్లో పాత పోలీస్ స్టేషనో, తహసీల్ ఆఫీసో ఎంచుకోండి. ఎదురు ఫుట్‌పాత్ మీదినుంచి దాని ముందు గోడ మొత్తం గీయండి. పెన్సిల్ ఒక్కటే, స్కేలు వద్దు. ప్రతి కిటికీ ఉండాలి, వదిలేయడానికి లేదు. ఒక్కో కిటికీ వెనక పడుకునేవాళ్లా, పనిచేసేవాళ్లా, బందీలా అన్నది కారణంతో సహా రాయండి. శిలాఫలకం ఆఖర్న చదవండి. స్టేషన్ ఇంకా నడుస్తుంటే ముందు లోపలికెళ్లి అడగండి.