బిల్లు ఏ క్షణంలో చెల్లుతుంది? ఆహార, పానీయ వ్యాపారాలకు తగిన చెల్లింపు వ్యవస్థను ఎంచుకోవడం

చెల్లింపు వ్యవస్థ కోసం వెతికేవారిలో చాలామంది మొదట యంత్రం ధరను, ఆ తరువాత రుసుము శాతాన్ని అడుగుతారు. అంతకంటే ముందు, మీ వ్యాపారంలో డబ్బు ఎప్పుడు చేతికి వస్తుందో చూసుకోవాలి. తినకముందే వస్తుందా, తిన్న తరువాత వస్తుందా, లేక కొనేవారు మీ కంటికి కనిపించకుండానే వస్తుందా అన్నదాన్ని బట్టి అవసరాలు పూర్తిగా మారిపోతాయి.

కౌంటరు దగ్గర ముందుగానే డబ్బు తీసుకునే కాఫీ దుకాణాలకు, బేకరీలకు, పండ్లరసాల అంగళ్లకు వేగమే ప్రధానం. ఒక్కో చెల్లింపుకు పది సెకన్లు అదనంగా పట్టినా, నూరుమంది వచ్చే రద్దీ వేళలో దాదాపు 17 నిమిషాలు వరుసలోనే కరిగిపోతాయి. అందుచేత కార్డునో ఫోన్‌నో దగ్గరగా చూపగానే పని పూర్తయ్యే ఎన్‌ఎఫ్‌సీ రీడరును, బిల్లు మొత్తాన్ని పీఓఎస్ (దుకాణంలో బిల్లు తయారుచేసే వ్యవస్థ) నుంచి నేరుగా అందుకునే యంత్రాన్ని తీసుకోవాలి. సిబ్బంది అదే మొత్తాన్ని యంత్రంలో మళ్లీ టైపు చేయవలసి వస్తే ఆలస్యంతో పాటు పొరపాట్లూ వస్తాయి.

చిన్న బిల్లుల వ్యాపారానికి మరొక చిక్కు ఉంది. కొందరు ప్రొవైడర్లు, అంటే చెల్లింపు సేవను అందించే సంస్థలు, శాతంతో పాటు ప్రతి లావాదేవీకి స్థిర రుసుము కూడా తీసుకుంటారు. కరెన్సీ ఏదైనా సరే, రుసుము 2 శాతం, దానిపై స్థిరంగా 3 అనుకుందాం. 50 బిల్లుపై 1, 3 కలిపి 4 పోతాయి, అంటే 8 శాతం. 1500 బిల్లుపై 33 పోతాయి, అంటే 2.2 శాతం మాత్రమే. ఒకే రేటు కార్డు ఒకరికి చవక, మరొకరికి భారం కావడానికి కారణం ఇదే. కాబట్టి గత నెల బిల్లుల సగటును, వాటి సంఖ్యను తీసి లెక్కవేసిన తరువాతే బేరానికి కూర్చోవాలి.

బల్లల వద్ద వడ్డించే రెస్టారెంట్‌లో తొందర తక్కువ, మార్పులు ఎక్కువ. ఒకే బల్ల దగ్గర ఒకరు తమ పదార్థాలకు మాత్రమే చెల్లిస్తామంటారు, మరొకరు మిగిలినదాన్ని సమానంగా పంచమంటారు, ఇంకొకరు సగం నగదు ఇస్తారు. బిల్లును పదార్థాల వారీగా, మనుషుల వారీగా విడదీయగలిగే, టిప్పును విడిగా నమోదు చేయగలిగే వ్యవస్థను, బల్ల వద్దకు తీసుకువెళ్లగలిగే యంత్రాన్ని ఇక్కడ ఎంచుకోవాలి. బల్లపై క్యూఆర్ కోడ్ పెట్టేవారు దానిపై మరెవరైనా వేరే కోడ్ అతికించలేదని రోజూ చూసుకోవాలి. డబ్బు అందిందని చెప్పవలసింది మీ యంత్రమే తప్ప ఎదుటివారి ఫోన్ తెర కాదు.

బార్‌లో కొనేవారి బిల్లు ఖాతాను తెరిచి ఉంచి చివర వసూలు చేస్తారు కనుక ప్రీ-ఆథరైజేషన్ సౌకర్యం తప్పనిసరి. దానితో కొంత మొత్తం ముందుగా నిలుపుదల అవుతుంది, అసలు వసూలు తరువాత జరుగుతుంది. నిలుపుదలకు గడువు ఎంత, బిల్లు ఆ మొత్తాన్ని దాటితే ఏమవుతుందన్నవి అడిగి తెలుసుకోవాలి. కార్డులను గ్లాసులో గుచ్చి ఉంచుకునే పాత అలవాటు మానేయడం మేలు. కార్డు వెనుక ఉండే భద్రతా సంఖ్యను ఆథరైజేషన్ (బ్యాంకు ఆమోదం) తరువాత భద్రపరచడాన్ని కార్డు వివరాల భద్రతకు సంబంధించిన పీసీఐ డీఎస్‌ఎస్ ప్రమాణం స్పష్టంగా నిషేధిస్తోంది. కాగితంపై రాసి ఉంచుకున్నా అది ఉల్లంఘనే.

ఫుడ్ ట్రక్కుకు, సంతలో దుకాణానికి బ్యాటరీ, సిగ్నల్, ఎండలోనూ కనిపించే తెర ముఖ్యం. ఆఫ్‌లైన్ సౌకర్యం ఉందన్న మాట విని నిశ్చింతగా ఉండరాదు, ఎందుకంటే నెట్‌వర్క్ తిరిగి వచ్చాక బ్యాంకు ఆ చెల్లింపును తిరస్కరిస్తే నష్టం సాధారణంగా వ్యాపారిదే. ఆఫ్‌లైన్‌లో తీసుకునే మొత్తానికి మీరే ఒక హద్దు పెట్టుకోండి.

ఆన్‌లైన్ ఆర్డర్లతో నడిచే వంటశాలల సంగతి పూర్తిగా వేరు. కార్డు ఎదుట లేని లావాదేవీలకు సాధారణంగా రుసుమూ ఎక్కువ, వివాదాలూ ఎక్కువ. చెల్లించేవారు కార్డు యజమానేనని బ్యాంకు ఓటీపీ వంటివాటితో నిర్ధారించుకునే 3-డీ సెక్యూర్ పద్ధతి వాడితే కార్డు మోసాల బాధ్యత చాలా సందర్భాల్లో కార్డు ఇచ్చిన బ్యాంకుకు మారుతుంది, కానీ ఆహారం అందలేదన్న ఫిర్యాదు నుంచి అది కాపాడదు. అందుకని అప్పగింత సమయం నమోదయ్యే ఏర్పాటు, ఒక్క పదార్థం తగ్గితే దాని విలువను మాత్రమే వాపసు చేయగల వీలు ఉండాలి. క్యాటరింగ్‌కు చెల్లింపు లింకు, బ్యాంకు బదిలీ సరిపోతాయి. మొత్తం పెద్దదైతే బ్యాంకు బదిలీయే మేలు, దానిపై శాతం రుసుము కట్టడం దండగ.

ఒప్పందంపై సంతకానికి ముందు సెటిల్‌మెంట్ (వసూలైన డబ్బు మీ బ్యాంకు ఖాతాకు చేరడం) ఎన్ని రోజులకు వస్తుంది, సెలవు రోజుల్లో వస్తుందా, గడువుకు ముందే వదిలేస్తే జరిమానా ఎంత, వేరే ప్రొవైడర్‌కు మారితే యంత్రం పనిచేస్తుందా, అమ్మకాల వివరాలు మీ చేతికి వస్తాయా అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. ప్రయోగాత్మకంగా నడిపేటప్పుడు ఖాళీ మధ్యాహ్నాన్ని కాక, వారంలో అత్యంత రద్దీగా ఉండే సాయంత్రాన్ని ఎంచుకుని, మధ్యలో ఒకసారి కావాలనే ఇంటర్నెట్ తీసివేసి, సహాయ కేంద్రానికి ఫోన్ చేసి ఎంతసేపటికి సమాధానం వస్తుందో గడియారం చూసి రాసుకోండి.