ఒక జపనీస్ టెనర్ పాటను తెలుగు గొంతుతో ఎలా పాడాలి?

జపనీస్ రాకపోయినా, ఒపెరా ఎప్పుడూ వినకపోయినా పర్వాలేదు. ఒక టెనర్ పాటను దగ్గర చేసుకోవడానికి నాకు తెలిసిన మంచి దారి అకికవ మసఫుమి పాడిన ‘సెన్ నో కజె ని నత్తె’. అంటే ‘వెయ్యి గాలులనై’ అని. టెనర్ అంటే పాశ్చాత్య సంగీతంలో మగవాళ్ల పై స్థాయి గొంతు.

ముందు మనిషి గురించి తెలుసుకోండి. అకికవ 1967లో జపాన్‌లో, ఎహిమే ప్రాంతంలోని సైజోలో పుట్టారు. నాలుగేళ్లకే వయొలిన్, పియానో మొదలుపెట్టి, తర్వాత తండ్రి దగ్గర గాత్రం నేర్చుకున్నారు. కునితాచి సంగీత కళాశాలలో చదివి, ఇటలీలోని పార్మాలో నాలుగేళ్లు సాధన చేశారు. 2001లో మొదటి సీడీ వచ్చింది. కానీ దేశమంతా ఆయన పేరు మోగిపోయింది 2006 డిసెంబర్ 31 రాత్రి, జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే టీవీలో ఏటా ఆ రాత్రి వచ్చే ‘కోహకు’ పాటల కార్యక్రమంలో ఈ పాట పాడాక. అప్పటికి ఆయనకు 39 ఏళ్లు. జనవరిలో పాట జపాన్‌లోని ఒరికాన్ అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. అంతవరకు ఏ టెనర్‌కీ అక్కడ ఆ స్థానం దక్కలేదు.

ఇప్పుడు పాట వినండి. మొదటిసారి అర్థం జోలికి పోవద్దు. గొంతు కింద నుంచి, దాదాపు మాట్లాడుతున్నట్టు మొదలై, పాట పేరు వచ్చే చోట ఎలా పైకి లేస్తుందో గమనించండి. రెండోసారి అర్థం తెలుసుకుని వినండి. చనిపోయిన మనిషి మనతో అంటున్న మాటలివి: నా సమాధి ముందు ఏడవకండి, నేను అక్కడ లేను, గాలినై ఆకాశమంతా తిరుగుతున్నాను. ఒక ఇంగ్లీషు కవితను రచయిత అరాయ్ మన్ జపనీస్‌లోకి తెచ్చి, తనే బాణీ కట్టారు. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఒంటరిగా విన్నా మంచిదే, కన్నీళ్లు వస్తే రానివ్వండి.

తర్వాతి పని నాకు చాలా ఇష్టం. పాట పేరును తెలుగు లిపిలో రాసుకుని మాత్రలు, అంటే పలకడానికి పట్టే కాలం కొలతలు, లెక్కపెట్టండి. ‘సెన్’ మన ఛందస్సులో గురువు, రెండు మాత్రలు. జపనీస్‌లోనూ అంతే, ఆ ‘న్’కి విడిగా ఒక మాత్ర ఉంటుంది. ‘నత్తె’లో ద్విత్వం ముందున్న ‘న’ గురువు, ‘తె’ లఘువు, మొత్తం మూడు. వాళ్ల లెక్కా మూడే! ఇంగ్లీషువాళ్లు ఈ ద్విత్వం దగ్గర తడబడతారు, ‘అత్త’, ‘కొత్త’ అని రోజూ పలికే మనకు ఆ టెన్షన్ లేదు. పైగా ఇటాలియన్‌లాగే మన రెండు భాషల్లోనూ చాలా మాటలు అచ్చుతో ముగుస్తాయి. గొంతు సాగేది అచ్చు మీదే కదా.

ఒక్క ‘కజె’ దగ్గర జాగ్రత్త. ‘జీతం’లో జ కాదు, ‘జడ’లో జ. నాలుక కొన పళ్ల దగ్గర ఆడాలి.

ఇక పాడటం. ఆయన శ్రుతిలో మొదలుపెట్టకండి, మీకు హాయిగా అందే శ్రుతి పెట్టుకోండి. నిలబడి, అరచేతులు పక్కటెముకల మీద ఆనించి ఊపిరి తీయండి. చేతులు పక్కలకు విచ్చుకోవాలి, భుజాలు లేవకూడదు. ఆవలింత వచ్చేముందు గొంతు లోపల ఎలా తెరుచుకుంటుందో అలా ఉంచి, ‘ఆ’ మీద బాణీ మొత్తం అనండి. మాటలు తర్వాత. పై స్వరం దగ్గర మెడ నరాలు బిగుస్తున్నాయంటే అరుస్తున్నట్టే. వెంటనే ఆపి, శ్రుతి ఇంకో మెట్టు దించండి.

రోజుకు పావుగంట చాలు. వారం తర్వాత ఫోన్‌లో రికార్డ్ చేసుకుని, ఆయన పాటతో ఒక్కో చరణం పక్కపక్కన పెట్టి వినండి. పై స్వరం కంటే ముందు, ఆ ‘న్’కి మాత్ర నిండుగా పడిందో లేదో చూసుకోండి.