కార్క్‌లో ఏడాది మాస్టర్స్: థీసిస్ పని అక్టోబరులోనే పట్టుకోండి

జూన్ వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, క్లాసులు అయిపోయాయి, ఇప్పుడు థీసిస్ ఎలా మొదలుపెట్టాలి?" అని. ఆ మాట వినగానే వాళ్లకంటే నాకే ఎక్కువ టెన్షన్. ఐర్లండ్‌లో మామూలు మాస్టర్స్ అంటే మొత్తం 12 నెలలే. 90 క్రెడిట్లుంటే చాలా కోర్సుల్లో అందులో 30 థీసిస్‌వే, అంటే డిగ్రీలో మూడో వంతు. నేను యూనివర్సిటీ కాలేజ్ కార్క్‌లో పబ్లిక్ హెల్త్ చదివాను. ఆ ఏడాదిలో నాకు అర్థమైన పద్ధతి ఇది. వేరే సబ్జెక్టు వాళ్లకీ చాలావరకు పనికొస్తుంది.

సెప్టెంబరు మీది కాదు, ముందే ఒప్పేసుకోండి. ఇల్లు వెతకడం, బ్యాంకు ఖాతా, పీపీఎస్ నంబరు (పన్నులకు, ప్రభుత్వ సేవలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య), 300 యూరోలు కట్టి ఐఆర్‌పీ కార్డు (ఇక్కడ ఉండటానికి అనుమతి కార్డు), వీటితోనే గడిచిపోతుంది. ఇంటి విషయంలో ఒక్క మాట: డిపాజిట్‌గా ఒక నెల, అడ్వాన్సుగా ఒక నెల అద్దె, అంతకుమించి అడిగే హక్కు ఇంటి ఓనరుకు లేదు. ఇల్లు కళ్లారా చూడకుండా డబ్బు పంపొద్దు.

అక్టోబరులో టాపిక్ మీద కూర్చోండి. నేను మొదట రాసుకున్నది "ఐర్లండ్‌లో వృద్ధుల ఆరోగ్యం". అది మూడు నెలల్లో తేలే పని కాదు. అప్పట్లో వీకెండ్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో (వృద్ధాశ్రమం లాంటిది) కేరర్‌గా, అంటే అక్కడివాళ్లను చూసుకునే పని చేసేదాన్ని. నా రూమ్మేట్‌దీ అదే పని, కానీ రాత్రి డ్యూటీ. కార్క్‌లో జూన్‌లో రాత్రి పది దాకా వెలుగు పోదు, తెల్లవారుజామున ఐదింటికే మళ్లీ వచ్చేస్తుంది. ఆ అమ్మాయి కిటికీ అద్దాలకు నల్ల చెత్త సంచులు టేపుతో అంటించుకుని పడుకునేది. టేపు ఊడి సందులోంచి ఒక్క చార వెలుతురు పడితే చాలు, లేచి కూర్చునేది. నా ప్రశ్న అక్కడ దొరికింది: రాత్రి డ్యూటీ చేసే కేరర్లు పగటి నిద్ర ఎలా కుదుర్చుకుంటున్నారు? పన్నెండు మందిని ఇంటర్వ్యూ చేస్తే చాలనిపించేంత చిన్న ప్రశ్న. మీ టాపిక్ కూడా అలా ఒక్క వాక్యంలో, ఎవరిని ఏం అడుగుతారో తెలిసేలా ఉండాలి. మా కాలేజీ పరిశోధనల భాండాగారం 'కోరా'లో పాత థీసిస్‌లు ఉచితంగా దొరుకుతాయి. మీ సబ్జెక్టులో ఓ నాలుగు తిరగేస్తే ఎంత చిన్న ప్రశ్న మీద ఎంత పని జరుగుతుందో తెలుస్తుంది.

తర్వాత సూపర్‌వైజర్, అంటే మీ థీసిస్‌కు దారి చూపే ప్రొఫెసర్. నా మొదటి ఈమెయిల్ "రెస్పెక్టెడ్ మేడమ్" అని మొదలై నా మార్కులు, నా ఆశయాలు, నా కుటుంబం చెప్పుకుంటూ ఒక పేజీ సాగింది. జవాబు రాలేదు. రెండోది ఐదు లైన్లు రాశాను. పేరు పెట్టి పలకరింపు, ఇక్కడ ప్రొఫెసర్లనీ అలాగే పిలుస్తారు. నేనెవరో ఒక లైను. ఆవిడ పేపర్లలో నేను చదివినది ఏది, అందులో నాకు తట్టిన సందేహం ఏమిటి, రెండు లైన్లు. చివర్లో, "వచ్చే వారం ఇరవై నిమిషాలు కలవొచ్చా?" మర్నాటికే సమయం ఇచ్చారు. పేరు పెట్టి పిలవడానికి మనకు నోరు రాదు, నాకూ నెల పట్టింది. కానీ ఆ పిలుపుతో వాళ్లకు గౌరవం తగ్గదు.

ఇక్కడివాళ్లు మాట్లాడే తీరు కూడా పట్టుకోవాలి. "యూ మైట్ హ్యావ్ ఎ లుక్ ఎట్ దిస్" అన్నారంటే, వీలైతే చూడు అని కాదు, చూసి రమ్మని. "ఐ వండర్ ఇఫ్..." అన్నారంటే ఆ భాగం మార్చాలి. మన చెవికి మెత్తగా వినిపిస్తుంది కాబట్టి తేలిగ్గా తీసుకుంటాం, అక్కడే నష్టపోతాం. మార్కులు చూసి కూడా కంగారు పడొద్దు. నా మొదటి వ్యాసానికి 61 వస్తే రాత్రంతా ఏడ్చాను. ఇక్కడ 70 దాటితే ఫస్ట్ క్లాస్, 60 దాటితే టూ-వన్, అంటే సెకండ్ క్లాసులో పై మెట్టు. 61 మంచి మార్కే.

ఇక అసలు జాగ్రత్త పడాల్సింది ఎథిక్స్ అనుమతి. మనుషులతో చేసే పరిశోధనకు అనుమతి రాకముందు ఒక్క ప్రశ్న కూడా అడగకూడదు. దరఖాస్తుతో పాటు సమాచార పత్రం, అంగీకార పత్రం, ప్రశ్నల జాబితా కావాలి. గొంతు రికార్డు చేస్తే ఆ ఫైలు ఎక్కడ దాస్తారు, ఎవరు వింటారు, ఎప్పుడు చెరిపేస్తారు, అన్నీ రాయాలి. వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే యూరప్ చట్టం జీడీపీఆర్‌ని ఇక్కడ చాలా గట్టిగా పట్టించుకుంటారు. నా దరఖాస్తు వెనక్కి వచ్చింది. నాతో పని చేసేవాళ్లనే ఇంటర్వ్యూ చేస్తానని రాశాను. "రోజూ పక్కన పని చేసే మనిషి అడిగితే వాళ్లు కాదనగలరా?" అని ఎథిక్స్ కమిటీ వాళ్లు అడిగారు. నిజమే, నాకు తట్టలేదు. వేరే చోట పని చేసేవాళ్లను వెతికి, యాజమాన్యం అనుమతి తీసుకుని, మళ్లీ రాసి పంపేసరికి నాలుగు వారాలు పోయాయి. ఫిబ్రవరిలో పంపాను కాబట్టి తట్టుకున్నాను. మేలో పంపి ఉంటే?

ఉద్యోగం సంగతి. స్టాంప్ 2 (విద్యార్థులకిచ్చే నివాస అనుమతి) మీద సెమిస్టర్ సాగుతుండగా వారానికి 20 గంటలు, జూన్ నుంచి సెప్టెంబరు చివరి దాకా, డిసెంబరు 15 నుంచి జనవరి 15 దాకా 40 గంటలు చేయొచ్చు. ఆ నలభై గంటలు సరిగ్గా థీసిస్ నెలల్లోనే వస్తాయి. 2025లో కనీస వేతనం గంటకు 13.50, అంటే వారానికి 540 యూరోలు. వదులుకోవడం కష్టమే, నాకు తెలుసు. నేను జూన్, జూలైలో వారానికి రెండు డ్యూటీలకే ఒప్పుకున్నాను. ఒక్క డ్యూటీ చేస్తే మర్నాడు రోజంతా రాయలేం, లెక్క వేసుకుని చూడండి.

చదువుకునే చోటు అంటే నాకు మా కాలేజీ బూల్ లైబ్రరీ. ఆ పేరు జార్జ్ బూల్‌ది. జార్జ్ బూల్ 1849లో ఇక్కడ మొదటి గణిత ప్రొఫెసర్‌గా చేరారు. 1864లో జోరు వానలో ఇంటి నుంచి మూడు మైళ్లు నడిచొచ్చి, తడి బట్టలతోనే పాఠం చెప్పి, జబ్బుపడి కొద్ది రోజులకే పోయారు. ఆయన ఆల్జీబ్రా ఇవాళ ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంది. లైబ్రరీకి వెళ్లేటప్పుడల్లా గుర్తొచ్చేవారు. గొడుగు నమ్ముకోకండి, ఈ గాలికి నిలవదు, మంచి రెయిన్‌కోటు కొనుక్కోండి. క్వాడ్ (పాత భవనాల మధ్య ఉన్న చతురస్రపు ఆవరణ) లోకి వెళ్లే ఆర్చి కింద నేల మీద కాలేజీ చిహ్నం ఉంటుంది. దాన్ని తొక్కితే పరీక్ష పోతుందని పిల్లలు పక్కనుంచి నడుస్తారు. నేనూ అలాగే నడిచాను.

పీహెచ్‌డీ ఆలోచన ఉంటే ఆ మాట ముందే సూపర్‌వైజర్ చెవిన వేయండి. పరిశోధనలకు ప్రభుత్వ నిధులిచ్చే రీసెర్చ్ ఐర్లండ్ సంస్థ స్కాలర్‌షిప్ కింద 2025 నుంచి ఏడాదికి 25,000 యూరోల స్టైపెండ్ ఉంది. దరఖాస్తు గడువు సాధారణంగా అక్టోబరులో ముగుస్తుంది. థీసిస్ ఇచ్చాక ఆలోచిద్దాం అనుకుంటే చేతిలో కొద్ది వారాలే మిగులుతాయి. ఉద్యోగం వైపు వెళ్లేవాళ్లకు లెవెల్ 9 డిగ్రీతో (మాస్టర్స్ ఈ స్థాయిలోదే) స్టాంప్ 1జీ, అంటే చదువయ్యాక ఇక్కడే ఉండి ఉద్యోగం చేసుకునే అనుమతి, 24 నెలల దాకా దొరుకుతుంది.

థీసిస్ రాయడం మెథడ్స్ చాప్టర్‌తో, అంటే పరిశోధన ఎలా చేశారో చెప్పే భాగంతో మొదలుపెట్టండి. నాకు అందులో సగం ఎథిక్స్ దరఖాస్తులోంచే వచ్చింది, 'చేస్తాను'లను 'చేశాను'లుగా మార్చితే సరిపోయింది. ఆగస్టులో సూపర్‌వైజర్లు సెలవు మీద వెళ్తారు కాబట్టి, ఆ తేదీలు మేలోనే అడిగి, ప్రతి చాప్టరూ వాళ్లు వెళ్లే ముందు ఒక్కసారైనా చూసేలా వరసగా పంపండి.