డిష్ పైకప్పు ఎక్కాకే కాల్ తెగడం ఆగింది

టెక్సాస్‌లో ఊరికి దూరంగా ఉన్న మా ఇంటికి కేబుల్ లైన్ రాదు. అందుకే శాటిలైట్ ఇంటర్నెట్ తీసుకున్నాం. డిష్, స్టాండ్, కేబుల్, పవర్ సప్లై, రౌటర్ వచ్చాయి. డిష్ పెరట్లో పెట్టాను. స్పీడ్ బాగానే ఉంది, కానీ అమ్మతో వీడియో కాల్ మాటిమాటికీ తెగిపోయేది. రౌటర్ పాడైందేమోనని ఒకటే టెన్షన్.

తప్పు రౌటర్‌ది కాదు, డిష్‌కి ఓక్ చెట్టు అడ్డు. ఈ ఉపగ్రహాలు కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులో వేగంగా కదులుతుంటాయి. డిష్ ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని పట్టుకుంటూ ఉండాలి. అందుకే ఆకాశంలో పెద్ద ముక్కే ఖాళీగా కనపడాలి. యాప్‌లో ఫోన్ కెమెరాతో ఆకాశాన్ని స్కాన్ చేస్తే కొమ్మల సంగతి బయటపడింది.

పైకప్పుకి బిగించే మౌంట్, పొడవాటి కేబుల్ విడిగా కొన్నాను. గోడలోకి వెళ్లేముందు కేబుల్‌ని కిందికి వంచి, రంధ్రాన్ని సీలెంట్‌తో మూశాను. లేదంటే వాన నీళ్లు కేబుల్ వెంటే ఇంట్లోకి జారతాయి. నిన్న అమ్మ గంటసేపు మాట్లాడింది, ఒక్కసారి కూడా తెగలేదు.